సంచార గృహం - సౌరవిద్యుత్తు

ప్రయాణమంటే ఒకచోట బయలుదేరి మరొకచోటికి చేరుకోవడం మాత్రమే కాదు. దారిలో పొద్దుగూకిన చోట తలదాచుకోవడం కూడా అందులో భాగమే. పూర్వం ఎడ్లబండ్లు కట్టుకొని తిరునాళ్లకు వెళ్లిన తెలుగువారు వంటపాత్రలు, పక్కబట్టలు, ఇరుసు కింద వేలాడే లాంతరుతో సహా ఇంటినే వెంటబెట్టుకొని పోయేవారు. పాశ్చాత్య దేశాలలో ఇదే కోరిక మోటారు వాహనం రూపాన్ని ధరించింది. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ సంస్థ 1950లో పెట్టె ఆకారపు వ్యాను ఒకదానిని తయారుచేయడం ప్రారంభించింది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అనే మరో సంస్థ ఆ వ్యానులో ఇమిడే పడకను, అలమరలను రూపొందించింది. ఇటువంటి నడిచే ఇంటినే క్యాంపర్ వ్యాన్ అంటారు. నేడు బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా వంటి దేశాలలో ఎందరో పాత సరకుల వ్యానులను కొని, తామే స్వయంగా చెక్కపని, కరెంటుపని చేసుకొని వాటిని ఇళ్లుగా మార్చుకొంటున్నారు.

ఇల్లన్నాక దీపం కావాలి. దీపంతోపాటు చిన్న ఫ్రిజ్, నీటి పంపు, సెల్‌ఫోన్ ఛార్జింగు కూడా కావాలి. ఇంజను నడుస్తున్నంతసేపు ఆల్టర్నేటర్ విద్యుత్తును అందిస్తుంది. బండి ఆగిన తరువాతనే చిక్కు మొదలవుతుంది. ఇంజనును నడిపించడానికి ఉద్దేశించిన బ్యాటరీనే దీపాలకూ ఫ్రిజ్‌కూ వాడితే తెల్లవారేసరికి బండి కదలదు. అందువల్ల ఇటువంటి వాహనాలలో ఇంటి అవసరాలకోసం రెండవ బ్యాటరీని వేరుగా అమరుస్తారు. దానిని నింపడానికి విడిది స్థలాలలో రుసుము చెల్లించి కరెంటు తీసుకోవచ్చు. కాని కొండల నడుమనో, సముద్రతీరాననో నాలుగు రోజులు ప్రశాంతంగా గడపాలనుకొనేవారికి ఆ అవకాశం ఉండదు. జనరేటరు పెడితే ఆ ప్రశాంతతే మిగలదు. మిగిలిన మార్గం నెత్తిమీద ఉన్న సూర్యుడే.

సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రదర్శించారు. నాడు అది తనపై పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. 1958 మార్చిలో రోదసిలోకి వెళ్లిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. సాధారణ బ్యాటరీతో నడిచినది ఆ సంవత్సరం జూన్‌లోనే మూగబోయింది. సౌరఘటాలతో నడిచినది 1964 వరకు సంకేతాలను పంపుతూనే ఉంది. ఊరికి దూరంగా, తీగలు చేరని చోట ఉన్న యంత్రానికి సూర్యుడు ఎంతటి ఆధారమో ఆ చిన్న గోళం నిరూపించింది. క్యాంపర్ వ్యాన్ పరిస్థితి కూడా ఒక విధంగా అటువంటిదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. కప్పుపై ఉన్న సౌరఫలకాలు సాధారణంగా బండిని నడపవు, బండిలోని ఇంటిని మాత్రమే నడుపుతాయి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు 2021లో స్టెల్లా వీటా అనే సౌర క్యాంపర్‌ను నిర్మించి, ఐండ్‌హోవెన్ నుంచి స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న తరీఫా వరకు నడుపుకొంటూ వెళ్లారు. ఆగినచోట కప్పు పైకి లేచి, రెక్కలు విప్పుకొన్నట్లు ఫలకాలు పరచుకోవడం ఆ బండి ప్రత్యేకత. అది ప్రయోగం. సామాన్యుడి వ్యానులో మాత్రం ఆశించవలసినది ఫ్రిజ్‌లో పాలు విరగకుండా ఉండడం, రాత్రి చదువుకోవడానికి దీపం వెలగడం.

కొనడానికి ముందు చేయవలసిన పని లెక్క. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కంప్రెసర్ ఉన్న చిన్న ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 45 వాట్లు తీసుకొంటుందనుకొందాం. అది రోజులో మూడో వంతు సమయమే నడుస్తుంది కనుక 24 గంటలకు 360 వాట్-అవర్లు అవుతుంది. 3 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, నాలుగేసి గంటలు వెలిగితే 48. రెండు ఫోన్లకు 30, ల్యాప్‌టాప్‌కు 60, నీటి పంపుకు 10. మొత్తం మీద రోజుకు దాదాపు 500 వాట్-అవర్లు. ఈ పట్టికలో ఫ్రిజ్ ఒక్కటే మూడింట రెండు వంతులకు పైగా కాజేస్తున్నదని గమనించాలి. దీపాలను ఆర్పి పొదుపు చేస్తున్నామని సంతోషించేవారు ఫ్రిజ్ తలుపును ఎన్నిసార్లు తెరుస్తున్నారో చూసుకోవడం మేలు.

ఇక ఆదాయం. మిట్టమధ్యాహ్నపు నిర్మలమైన ఎండలో ఒక చదరపు మీటరుపై పడే సౌరశక్తి సుమారు 1000 వాట్లు. నేటి మంచి ఫలకం అందులో ఐదో వంతును విద్యుత్తుగా మార్చగలదు. అంటే 200 వాట్ల ఫలకానికి కప్పుపై ఇంచుమించు ఒక చదరపు మీటరు స్థలం కావాలి. బ్రిటన్ వేసవిలో కప్పుపై చదునుగా పరచిన 200 వాట్ల ఫలకం, నష్టాలన్నీ పోను, మబ్బు లేని మంచి రోజున 600 వాట్-అవర్లకు పైగా ఇస్తుంది. లెక్క సరిపోయిందని సంబరపడరాదు. ఉత్తర స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ నగరంలో జూన్ నెలలో పగలు 18 గంటలు ఉంటుంది. డిసెంబరులో 7 గంటలకన్నా తక్కువ. ఆ నెలలో మధ్యాహ్నవేళ కూడా సూర్యుడు దిగంతం నుంచి 9 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అదే సమయాన హైదరాబాదులో 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక బ్రిటన్ శీతకాలపు దినాలలో ఆ ఫలకం వేసవి ఆదాయంలో పదో వంతు ఇచ్చినా గొప్పే. అక్కడి శీతకాల సంచారులు ఆల్టర్నేటర్‌నూ, విడిది స్థలపు కరెంటునూ పూర్తిగా వదులుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఎక్కువ ఫలకాలు పెడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. కప్పు వైశాల్యం తక్కువ. ఉన్న కాస్త చోటులోనే గాలిమర, పైకిటికీ, ఏంటెన్నా తిష్ఠ వేసి ఉంటాయి. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్లు కొందరు సామాన్ల చట్రాన్ని కూడా బిగిస్తారు. ఇవి స్థలాన్ని ఆక్రమించడమే కాక నీడలు వేస్తాయి. సౌరఫలకానికి నీడను మించిన శత్రువు లేదు. 12 వోల్టుల బ్యాటరీకోసం తయారైన సాధారణ ఫలకంలో 36 ఘటాలు ఒకదాని వెంట ఒకటి శ్రేణిలో ఉంటాయి. ఒక్కొక్కటి అరవోల్టు చొప్పున ఇస్తే మొత్తం 18 వోల్టులవుతుంది. శ్రేణిలో ఉన్న అన్ని ఘటాలగుండా ప్రవహించేది ఒకే విద్యుత్తు. పంటకాలువలో ఒకచోట మట్టిపెళ్ల పడితే దిగువ పొలాలన్నింటికీ నీరు సన్నగిల్లినట్లు, ఒక్క ఘటంపై నీడ పడితే తక్కిన 35 ఘటాల శక్తి కూడా కుంటుపడుతుంది. దీనిని కొంతవరకు నివారించడానికి ఫలకం వెనుక బైపాస్ డయోడ్‌లు ఉంటాయి. అవి నీడపడిన భాగాన్ని తప్పించి మిగిలిన భాగపు విద్యుత్తును పోనిస్తాయి. అయినా సగం ఫలకం పని ఆగిపోవచ్చు. అందుచేత బిగించడానికి ముందు అట్టముక్కలను ఫలకాల కొలతకు కత్తిరించి కప్పుపై పరచి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడలు ఎటు పోతున్నాయో చూసుకొనేవారు తెలివైనవారు.

బిగింపు ఈ పని మొత్తంలో అత్యంత బాధ్యతాయుతమైన ఘట్టం. ఇంటి మేడపై ఫలకాన్ని అమర్చడం వేరు, పరుగెత్తే బండిపై అమర్చడం వేరు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనానికి ఎదురయ్యే గాలి ప్రతి చదరపు మీటరుపై సుమారు 570 పాస్కల్‌ల పీడనాన్ని కలిగించగలదు. ఫలకం ముందు అంచు కింద ఈ గాలి చిక్కుకొంటే ఒక చదరపు మీటరు ఫలకాన్ని దాదాపు 58 కిలోల బరువుతో సమానమైన బలంతో పైకి లేపడానికి ప్రయత్నిస్తుంది. ఫలకం బరువో, 11-12 కిలోలు మాత్రమే. ఎదురుగాలి మరో 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఆ బలం 100 కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుందన్నది ఇందులోని భౌతికసూత్రం. రహదారిపై ఊడిపోయి ఎగిరిన గాజుఫలకం వెనుక వచ్చే బండివారి ప్రాణాలు తీయగలదు. నాలుగు మేకులు కొట్టి చేతులు దులుపుకొనే పని కాదిది.

బిగింపుకు మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. కొన్ని వ్యానుల కప్పుపై తయారీదారులే గట్టి బిందువులను ఏర్పరచి ఉంటారు. వాటికి అడ్డపట్టీలను బిగించి, వాటిపై ఫలకాలను అమర్చడం ఉత్తమం. కప్పుకు కొత్తగా రంధ్రం చేయవలసిన అవసరం ఉండదు. రెండవది కప్పుకు రంధ్రాలు చేసి బోల్టులు వేయడం. కప్పు రేకు పలుచన గనుక బోల్టు లాగినచోట చిరిగిపోకుండా లోపలివైపు వెడల్పాటి లోహపు బిళ్లలను ఆనించాలి. రంధ్రం చేసినప్పుడు పుట్టిన ఇనుపరజనును వెంటనే తుడిచివేయకపోతే అది కప్పంతటా తుప్పుచుక్కలుగా మారుతుంది. కోసిన అంచుకు తుప్పు నిరోధక రంగు వేసి, ఆరిన తరువాతనే బోల్టు ఎక్కించాలి. మూడవది జిగురు పద్ధతి. పాలీయురిథేన్ జాతి జిగుర్లు సరిగా అంటుకొంటే ఆశ్చర్యకరమైన పట్టును ఇస్తాయి. అయితే ఆ "సరిగా" అన్న మాటలోనే కష్టమంతా ఉంది. కప్పుపై దుమ్ము, జిడ్డు, మైనపు మెరుగు లేకుండా ఆల్కహాలుతో తుడవాలి. గరుకు కాగితంతో తేలికగా రుద్దాలి. వానలోనూ, గడ్డకట్టే చలిలోనూ ఈ పని చేయరాదు. ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని పైనుంచి లోపలికి రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర మాత్రమే గట్టిపడుతుంది. పొద్దున అంటించి సాయంత్రం రహదారి ఎక్కడం ప్రమాదం. పైగా జిగురు ఎంత బలమైనదైనా అది పట్టుకొనేది కప్పుపై ఉన్న రంగుపూతను. ఆ పూత పెచ్చులూడే స్థితిలో ఉంటే జిగురు చేయగలిగింది ఏమీ లేదు.

ఏ పద్ధతి అయినా ఫలకానికీ కప్పుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండ కావాలి గాని వేడి పనికిరాదన్నది సౌరఘటపు విచిత్ర స్వభావం. ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి దాని శక్తి 0.3 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. మండుటెండలో ఘటం 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా నష్టపోయినట్లే. కింద గాలి ఆడితే ఫలకం చల్లబడుతుంది, బండి లోపలికి కూడా కొంత నీడ దొరుకుతుంది. కప్పుకు నేరుగా అంటించే పలుచని, వంగే ఫలకాలు చూడడానికి సొగసుగా ఉన్నా ఈ సౌఖ్యానికి నోచుకోవు. వేడెక్కి త్వరగా పాడవుతాయి.

పైనుంచి తీగలు లోపలికి దిగవలసిన రంధ్రం ఒక్కటైనా తప్పదు. చూరు కారే ఇల్లు ఎంత బాధాకరమో బండి కారడం అంతకు మించినది. ఎందుకంటే కారిన నీరు గోడల చెక్కల వెనుక చేరి, నెలల తరబడి కనిపించకుండా కుళ్లబెడుతుంది. ఆ రంధ్రంపై ప్లాస్టిక్ మూతను అమర్చి, తీగలు బండి వెనుకవైపు నుంచి దూరేటట్లు చేస్తారు. ఎదురుగాలి తోసే వాననీరు అప్పుడు లోపలికి చొరబడదు. తీగ దూరడానికి ముందు కొంచెం కిందికి వంపు తిప్పితే నీటిచుక్క ఆ వంపు దగ్గరే జారిపోతుంది. ఇంత చిన్న ఉపాయానికి ఖర్చు ఏమీ లేదు.

కప్పు కింద సాగే విద్యుత్తు పనిలో 12 వోల్టులే కదా అన్న నిర్లక్ష్యం అనర్థదాయకం. వోల్టేజి తక్కువైనకొద్దీ అదే శక్తికి ఎక్కువ ఆంపియర్లు ప్రవహించాలి. 1000 వాట్ల పరికరం ఇంటిలో 230 వోల్టులపై నాలుగు ఆంపియర్లకు పైచిలుకు తీసుకొంటే, వ్యానులో 12 వోల్టుల బ్యాటరీనుంచి 83 ఆంపియర్లు లాగుతుంది. సన్నని తీగ అంతటి ప్రవాహాన్ని మోయలేక వేడెక్కి కాలిపోతుంది. ఫలకంనుంచి కిందికి వచ్చే తీగ విషయంలోనూ మందం ముఖ్యమే. 200 వాట్ల ఫలకాలు 11 ఆంపియర్లను ఐదు మీటర్ల దూరం పంపవలసి వచ్చినప్పుడు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 1.3 వోల్టులు దారిలోనే కరిగిపోతాయి. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం వోల్టులో మూడో వంతు మాత్రమే. ఖరీదైన ఫలకాన్ని కొని, తీగ దగ్గర పిసినారితనం చూపేవారు చిల్లికుండలో నీళ్లు పోసినవారవుతారు.

ఫలకాన్ని బ్యాటరీకి నేరుగా కలపరాదు. రెండింటి నడుమ ఛార్జి కంట్రోలర్ ఉండాలి. బ్యాటరీ ఎంతవరకు నిండిందో కనిపెట్టి, తగినంత వోల్టేజినే పంపి, నిండగానే ప్రవాహాన్ని తగ్గించడం దాని ధర్మం. ఎం.పి.పి.టి. రకపు కంట్రోలర్ ఫలకం ఇచ్చే అదనపు వోల్టులను వృథా పోనీయక ఆంపియర్లుగా మారుస్తుంది. దీనిని కలపడంలో ఒక వరుస ఉంది. ముందు బ్యాటరీని, తరువాత ఫలకాన్ని కలపాలి. విప్పేటప్పుడు ఫలకాన్ని ముందు తొలగించాలి. పగటివేళ ఫలకం ఎప్పుడూ సజీవమే గనుక పనిచేసేటప్పుడు దానిపై మందపాటి దుప్పటి కప్పడం ఆచారం. విద్యుత్తు ప్రవహిస్తుండగా సంధులను లాగితే నిప్పురవ్వలు లేచి లోహాన్ని కరిగించగలవు.

ఫ్యూజును గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. అందువల్ల దాని స్థానం పరికరం దగ్గర కాక, బ్యాటరీ ధనధ్రువానికి జానెడు దూరంలో ఉండాలి. బండి కుదుపులకు ఒరుసుకొన్న తీగ పైతొడుగు చిరిగి రేకును తాకిందంటే బ్యాటరీ ఒక్క క్షణంలో వందల ఆంపియర్లను కుమ్మరిస్తుంది. అప్పుడు ఫ్యూజు తెగకపోతే తగలబడేది చెక్కలు, పరుపులు, వాటిమీద నిద్రిస్తున్న మనుషులు. ఇళ్లలో ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని లావుపాటి తీగ చుట్టే అలవాటు కొందరికి ఉంది. బండిలో అటువంటి పని చేస్తే ప్రాణాలమీదికి తెచ్చుకొన్నట్లే.

బ్యాటరీలలో సీసం-ఆమ్లపు రకం చవక. కాని దాని సామర్థ్యంలో సగమే వాడుకోవాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2కు దిగితే సగానికి వచ్చినట్లు. ఇంకా కిందికి పదే పదే దింపితే దాని ఆయుష్షు హరించుకుపోతుంది. మూత తెరిచి నీరు పోసే రకంలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఛార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ వాయువు బయటికి పోయే దారి ఉంచాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిక, అయిదింట నాలుగు వంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు. ధర మాత్రం హెచ్చు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగువన ఉన్నప్పుడు దానిని ఛార్జి చేయడం హానికరం.

తరువాతి పోషణ పెద్ద శ్రమ కాదుగాని మరచిపోరాదు. దుమ్ము, పక్షుల రెట్టలు, చెట్లనుంచి రాలే జిగట ఫలకాన్ని మసకబారుస్తాయి. పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు, మెత్తని గుడ్డతో నీళ్లు పోసి కడగాలి. ఎండకు కాగిన గాజుపై చన్నీళ్లు చల్లడం, పీడనంతో నీటిని చిమ్మే యంత్రంతో అంచులను కొట్టడం రెండూ తప్పే. నిచ్చెనను పట్టుకోవడానికి మరో మనిషి లేనిదే తడికప్పు ఎక్కరాదు. దూరప్రయాణానికి ముందు ప్రతి బోల్టునూ చేతితో కదిపి చూడాలి. జిగురు అంచులలో పగుళ్లు, తీగలపై ఒరిపిడి, సంధుల దగ్గర అసాధారణమైన వేడి ఉన్నాయేమో పరీక్షించాలి. కంట్రోలర్ చూపే రోజువారీ రాబడిని ఒక పుస్తకంలో రాసుకొనే అలవాటు ఎంతో ఉపయోగకరం. ఎండ బాగా కాసిన వారంలో రాబడి సగానికి పడిపోతే ఎక్కడో ఏదో వదులైందని పుస్తకమే చెబుతుంది. శీతకాలంలో ఫలకాన్ని ఏటవాలుగా నిలబెట్టే కమ్మీలు రాబడిని పెంచుతాయి. వాటిని మడవడం మరచి బండి కదిలిస్తే పైన చెప్పిన గాలిలెక్క మొత్తం రుజువవుతుంది. ఫలకాలవల్ల పెరిగిన ఎత్తును డ్రైవరు కళ్లెదుట ఒక చీటీపై రాసి అంటించడమూ అవసరమే. బ్రిటన్ పల్లెదారులలో తక్కువ ఎత్తు రైలువంతెనలకు కొదువలేదు.

ఎండలో నిలిపితే ఫలకం నిండుగా పనిచేస్తుంది, లోపలి మనుషులు ఉడికిపోతారు. నీడలో నిలిపితే మనుషులకు హాయి, ఫ్రిజ్‌కు పస్తు. కొందరు ఈ తగవు తీర్చడానికి చేతితో మోయగల మడత ఫలకం ఒకటి అదనంగా ఉంచుకొని, బండిని చెట్టు కింద నిలిపి, ఫలకాన్ని పొడవాటి తీగతో ఎండలోకి లాగుతారు. దానిని దొంగలు ఎత్తుకుపోకుండా కనిపెట్టుకొని ఉండడం మరొక పని.

సౌరఫలకపు ఆయుర్దాయం పాతికేళ్లకు తక్కువ కాదు. చాలా వ్యానులు అంతకాలం బతకవు. బండి అమ్ముడుపోయే నాటికి బోల్టులతో, పట్టీలతో బిగించిన ఫలకాలను విప్పి కొత్తబండిపైకి మార్చుకోవచ్చు. జిగురుతో అంటించినవారు మాత్రం సన్నని ఉక్కుతీగను కింద దూర్చి, ఇద్దరు మనుషులు చెరొక కొసన పట్టుకొని రంపంలా లాగుతూ ఒక పూటంతా కోయవలసి ఉంటుంది.